భారలోహాలున్న నేలలో కూరగాయలు: పోషకాలతో పంటను, తినేవారిని ఎలా కాపాడుకోవాలి

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాదు నడుమ నుంచి ప్రవహించి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేలోపు నగరపు మురుగునూ పరిశ్రమల వ్యర్థజలాలనూ తనలో కలుపుకుంటుంది. నగరం దాటాక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ వైపు కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద పారే ఆ నీటితో దశాబ్దాలుగా వరి, పారా గడ్డి, పాలకూర, తోటకూర, కొత్తిమీర పండుతున్నాయి. కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం వంటి భారలోహాలు ఇలాంటి నేలల్లో కొద్దికొద్దిగా పేరుకుంటాయి. మీ పొలం మూసీ కింద ఉన్నా, పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడ దిగువన ఉన్నా, వాహనాల రద్దీ ఎక్కువగా ఉన్న రహదారి పక్కన ఉన్నా, జింక్, ఇనుము, కాల్షియం, గంధకం, సిలికా వంటి పోషకాలతో పంటలోకి లోహం చేరకుండా ఎంతవరకు అడ్డుకోవచ్చో, అందుకు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగిలిన పనులన్నీ తేలికగా బోధపడతాయి. కాడ్మియం మొక్కకు అవసరమైన ధాతువు కాదు, దాని కోసం వేరులో ప్రత్యేకంగా ద్వారాలేమీ లేవు. అయితే కాడ్మియం అయాను పరిమాణంలో కాల్షియం అయానుకు చాలా దగ్గరగా ఉంటుంది, రసాయన స్వభావంలో జింకును పోలి ఉంటుంది. అందువల్ల జింక్, ఇనుము, కాల్షియం లోపలికి పోయే దారులగుండానే అది కూడా దూరిపోతుంది. ఆర్సెనిక్‌లో ఒక రూపం భాస్వరం దారిలో పోతే, క్రోమియంలో విషపూరితమైన ఆరవ సంయోజకత రూపం గంధకం దారిలో పోతుంది. నేలలో జింకో ఇనుమో చాలనప్పుడు ఆకలిగొన్న వేరు ఆ దారులను మరింత వెడల్పు చేసుకుంటుంది, అప్పుడు లోహం కూడా ఎక్కువగా లోపలికి చేరుతుంది. ఆకలి తీరిన వేరు ఆ దారులను తగ్గించుకుంటుంది. పోషకాలతో కాపాడుకోవడమంటే ప్రధానంగా ఇదే. నేలలో ఉన్న లోహం మాత్రం దీనివల్ల ఎక్కడికీ పోదు.

ఇంకొక హెచ్చరికను కూడా ఇక్కడే చెప్పడం అవసరం. మొక్క ఆరోగ్యం వేరు, దాన్ని తినేవారి ఆరోగ్యం వేరు. కొన్ని పోషకాలు, ముఖ్యంగా ఆకులపై పిచికారీ చేసేవి, లోహం వల్ల మొక్కకు కలిగే ఒత్తిడిని తగ్గించి ఆకును పచ్చగా, ఏపుగా నిలబెడతాయి కానీ ఆకులో చేరిన లోహాన్ని తగ్గించకపోవచ్చు. అంగడిలో చూడముచ్చటగా కనిపించే పాలకూర కట్టలోనే పరిమితికి మించిన కాడ్మియం ఉండవచ్చు. అందువల్ల పైరు పచ్చదనాన్ని చూసి ఫలితాన్ని తేల్చకూడదు.

మొదటి పని: నేలను, నీటిని పరీక్ష చేయించడం

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత (ఈసీ), సేంద్రియ కర్బనం. కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియం అందులో లేవు. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన భారలోహాల సంగతి తెలిసినట్టు కాదు, వాటి పరీక్షను విడిగా అడిగి చేయించుకోవాలి. అయినా కార్డును పక్కన పెట్టవద్దు, ఎందుకంటే ఉదజని సూచిక, లవణ సాంద్రత, జింక్, ఇనుము అంకెలే ముందు ముందు మీకు దారి చూపిస్తాయి. లోహాల పరీక్ష ఎక్కడ చేస్తారో దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గాని అడిగి తెలుసుకోండి.

మట్టి తీసేటప్పుడు పొలంలో 8 నుంచి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో గుంత తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందంలో పొర తీయాలి. అన్నింటినీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలను తీసివేస్తూ, చివరికి అర కిలో మిగుల్చుకోవాలి. చెక్కతో గాని ప్లాస్టిక్‌తో గాని చేసిన పనిముట్లను వాడండి. జింక్ పూత పూసిన రేకు డబ్బాలో మట్టి కలిపితే జింక్ అంకె తప్పుగా వస్తుంది. నీరు పారే కాలువ మొదట్లో ఉన్న మడి నుంచి ఒక నమూనా, చివరి మడి నుంచి మరొకటి విడివిడిగా తీయండి. నీటితో కొట్టుకొచ్చే ఒండ్రు ముందు మొదటి మళ్లలోనే దిగుతుంది కాబట్టి లోహాలు అక్కడే ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఈ రెంటినీ కలిపేస్తే ఆ తేడా మీకు తెలియకుండా పోతుంది.

నివేదిక వచ్చాక పోల్చుకోవడానికి కొన్ని అంకెలను గుర్తుంచుకోండి. మురుగు వ్యర్థాలు వేసే పొలాలకు ఐరోపా సమాజం 1986లో పెట్టిన పరిమితుల ప్రకారం కిలో మట్టిలో కాడ్మియం 1 నుంచి 3 మిల్లీగ్రాములు, సీసం 50 నుంచి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. సాగునీటిలో లీటరుకు కాడ్మియం 0.01, నికెల్ 0.2, క్రోమియం 0.1 మిల్లీగ్రాములకు మించకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సూచించింది. మీ నేల ఈ అంకెలకు ఎన్నో రెట్లు పైన ఉంటే తక్కిన పనులేవీ మొదలుపెట్టవద్దు. అలాంటి పొలంలో ఏ ఎరువూ తినే పంటను కాపాడలేదు.

రెండవ పని: కొత్తగా వచ్చే లోహాన్ని ఆపడం

మురుగునీటిలోని లోహంలో పెద్ద భాగం సన్నని ఒండ్రు రేణువులకు అంటుకుని వస్తుంది. కాలువ నీటిని నేరుగా మళ్లలోకి వదలకుండా పొలం మొదట్లో ఒక గుంత తవ్వి, అందులో నీటిని ఒకటి రెండు రోజులు నిలిపి, పైన తేరిన నీటినే పారించుకుంటే భారం కొంతైనా తగ్గుతుంది. గుంత అడుగున చేరిన బురదను ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్లీ పొలంలో చల్లకూడదు.

పూడిక మట్టి విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. మిషన్ కాకతీయ వచ్చిన తరువాత చెరువు పూడికను పొలాలకు తోలుకోవడం మరింత విస్తరించింది, మామూలు చెరువుల విషయంలో అది నేలకు ఎంతో మేలు చేసే పని. కానీ పరిశ్రమల వ్యర్థాలు కలిసే చెరువులోని పూడిక ఎంత నల్లగా, మెత్తగా ఉన్నా పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాక్టరు కూడా పొలంలో దింపుకోవద్దు. నగర కంపోస్టుకు ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కిలోకు కాడ్మియం 5, సీసం 100, నికెల్ 50, క్రోమియం 50 మిల్లీగ్రాముల పరిమితి ఉంది. కొనేటప్పుడు ఆ పరీక్ష పత్రాన్ని అడగడానికి మొహమాటపడకండి.

మూడవ పని: సున్నం వేయాలా వద్దా తేల్చుకోవడం

భారలోహాలకు సున్నమే మందు అని చాలామంది ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆమ్ల నేలల విషయంలో అది నిజమే: ఉదజని సూచిక 5.5 ఉన్న ఎర్ర నేలను సున్నంతో 6.5కు తెస్తే కాడ్మియం, సీసం, నికెల్ మట్టిలో గట్టిగా పట్టుబడి వేరుకు తక్కువగా అందుతాయి. అయితే మూసీ కింది పొలాల్లో నీటితో వచ్చే లవణాల వల్ల చాలా చోట్ల నేల ఇప్పటికే క్షార స్వభావంతో ఉంటుంది. అలాంటి చోట సున్నం వేస్తే లాభం లేకపోగా జింక్, ఇనుము మొక్కకు అందక, మొదట చెప్పిన ఆకలిని మనమే కొని తెచ్చుకున్నట్టు అవుతుంది. పైగా ఆర్సెనిక్, ఆరవ సంయోజకత క్రోమియం క్షార నేలలోనే ఎక్కువగా కదులుతాయి. కనుక ఉదజని సూచిక 6.5 కంటే తక్కువ ఉంటేనే, అదీ ప్రయోగశాల చెప్పిన మోతాదులోనే సున్నం వేయండి. 7 దాటితే ఆ ఆలోచనే వద్దు.

నాలుగవ పని: జింక్, ఇనుము లోపాలను సరిదిద్దడం

ఈ పద్ధతికంతటికీ ఆయువుపట్టు ఇదే కాబట్టి దీన్ని కొంత వివరంగా చెబుతాను. దక్షిణ ఆస్ట్రేలియాలో జింక్ లోపం ఉన్న గోధుమ పొలాల్లో విత్తేటప్పుడు కొద్దిగా జింక్ వేయగా గింజలో కాడ్మియం గణనీయంగా తగ్గిందని 1990లలో జరిగిన పరిశోధనల్లో తేలింది. లోపం ఉన్న చోట వేసినందువల్లే ఆ మేలు జరిగిందన్నది ఇందులో మనం గమనించవలసిన అంశం. మన నేలల్లో మొక్కకు అందే జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాములు) కంటే తక్కువ ఉంటే లోపంగా లెక్కిస్తారు. కార్డులో మీ అంకె దీనికి దిగువన ఉంటే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటును ఆఖరి దుక్కిలో వేయండి. రెండు మూడు పంటలకు ఒకసారి వేస్తే చాలు. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వంటి భాస్వరపు ఎరువులతో దాన్ని కలపకూడదు, రెండూ కలిస్తే కరగని జింక్ ఫాస్ఫేటుగా మారి ఏదీ అక్కరకు రాదు. మధ్యలో కనీసం రెండు మూడు రోజులు ఎడం ఉంచండి.

పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి వారం వ్యవధితో రెండుసార్లు సాయంత్రం వేళ పిచికారీ చేయవచ్చు. దీనితో మొక్క త్వరగా కోలుకుంటుంది. అయితే వేరు దగ్గర కాడ్మియంతో పోటీ పడవలసిన జింక్ నేలలో ఉండాలి కాబట్టి పిచికారీ, నేలలో వేసే మోతాదుకు ప్రత్యామ్నాయం కాదు.

ఇక దీనికి రెండో వైపు కూడా ఉంది. జింక్ కూడా భారలోహమే. మురుగునీరు ఏళ్ల తరబడి పారిన నేలలో జింక్ ఇప్పటికే దండిగా ఉండవచ్చు. అలాంటి చోట ఇంకా వేస్తే మొక్కకు అదే విషమవుతుంది, డబ్బూ వృథా అవుతుంది. కార్డు చూడకుండా జింక్ బస్తా కొనవద్దు. కొనేటప్పుడు కూడా తక్కువ ధరకు దొరికే, బిల్లు లేని సరుకు జోలికి పోవద్దు. జింక్ సల్ఫేటును పారిశ్రామిక జింక్ వ్యర్థాల నుంచి కూడా తయారు చేస్తారు, సరిగ్గా శుద్ధి చేయకపోతే కాడ్మియం, సీసం అందులోనే మిగిలిపోతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు జింక్ సల్ఫేటులో ఆ రెండు లోహాలకు పరిమితులు పెట్టడానికి కారణం ఇదే.

ఇనుము లోపం సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగళ్లలోనూ, క్షార నేలల్లోనూ ఎక్కువగా వస్తుంది. లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపమని గుర్తించవచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికి ఒకసారి చొప్పున రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. ద్రావణాన్ని ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి, నిల్వ ఉంచితే ఇనుము తుప్పు రంగుకు మారి పనికిరాదు. మనుషుల విషయంలోనూ జరిగేది ఇదే అని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్నవారి పేగులు అదే ఆహారం నుంచి కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు కనుక ఈ ఆకుకూరల వల్ల ముప్పు అందరికీ ఒకేలా ఉండదు.

ఐదవ పని: మిగిలిన ఎరువులను ఎంచుకోవడం

కాల్షియం, గంధకం రెండూ కావాలనుకున్నప్పుడు జిప్సం మంచి ఎంపిక. అది సున్నంలా ఉదజని సూచికను పెంచదు, పైగా చౌడు గుణం ఉన్న నేలను బాగు చేస్తుంది. అందులోని కాల్షియం వేరు దగ్గర కాడ్మియంతో పోటీ పడుతుంది. గంధకం మొక్క లోపల గ్లూటాథయోన్‌గానూ, దాని నుంచి ఫైటోకెలటిన్లుగానూ మారుతుంది. లోహాన్ని పట్టి బంధించి, వేరు కణాల్లోని రసకోశంలో దాచిపెట్టే పదార్థాలు ఇవే. క్రోమియం ఉన్న నేలలో గంధకం మరొక మేలు కూడా చేస్తుంది, క్రోమేటు దూరే దారిలో సల్ఫేటు ముందుగా నిలబడుతుంది. ఎరువుల కర్మాగారాల్లో ఉప ఉత్పత్తిగా వచ్చే జిప్సంలో మలినాలు ఉండవచ్చు కాబట్టి, వీలైనంతవరకు గనుల నుంచి తీసిన జిప్సంను గాని పరీక్షించిన జిప్సంను గాని వాడండి. పొడి గంధకాన్ని మాత్రం వేయకండి, అది నేలలో ఆమ్లంగా మారి లోహాలను కరిగిస్తుంది.

భాస్వరం ఇక్కడ రెండు వైపులా పదునున్న కత్తి. సీసం ఉన్న నేలలో అది సీసంతో కలిసి పైరోమార్ఫైట్ అనే దాదాపు కరగని ఖనిజంగా మారుతుంది, ఇది నిజమైన ప్రయోజనమే. కానీ ఆర్సెనిక్ ఉన్న నేలలో భాస్వరం ఎక్కువైతే మట్టికి అంటుకుని ఉన్న ఆర్సెనిక్ విడిపోయి నీటిలోకి వస్తుంది. ఏ నేలలోనైనా భాస్వరం మితిమీరితే జింక్ లోపం తలెత్తుతుంది. భాస్వరపు ఎరువు తయారయ్యే రాతిలోనే సహజంగా కొంత కాడ్మియం ఉంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2022 జూలై నుంచి భాస్వరపు ఎరువులలో కిలో భాస్వరానికి (పి2ఓ5 లెక్కన) 60 మిల్లీగ్రాముల కాడ్మియం పరిమితి విధించింది. అందువల్ల ప్రతి పంటకూ అలవాటుగా డీఏపీ బస్తా గుమ్మరించే పద్ధతిని మానుకుని, నేల పరీక్ష చెప్పినంత భాస్వరాన్ని మాత్రమే, వీలైతే సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేయండి.

పొటాష్ కోసం మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌కు బదులు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. ధర ఎక్కువే, కానీ ఇక్కడ ఆ ఖర్చు సార్థకమని నా అభిప్రాయం. మ్యూరేట్‌లోని క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని మట్టి నుంచి విడదీసి వేరు దాకా తీసుకొస్తుంది. నీటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నా ఇదే జరుగుతుంది. కార్డులో లవణ సాంద్రత ఎక్కువగా ఉన్న పొలంలో తక్కువ కాడ్మియం ఉన్నా జాగ్రత్త పడవలసిందే. నత్రజనిని యూరియాగా చిన్న చిన్న మోతాదుల్లో విడదీసి ఇవ్వండి. అమ్మోనియం సల్ఫేట్ వేరు చుట్టూ ఉన్న మట్టిని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి దాన్ని వదిలేయడమే మంచిది.

ఆరవ పని: ఊక బూడిద, పశువుల ఎరువు

సిలికా కోసం ఖరీదైన సీసాలు కొననక్కర లేదు. తెలంగాణలో బియ్యం మిల్లు లేని మండలం అరుదు. అక్కడ దొరికే ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే. అయితే మరీ ఎక్కువ వేడిలో కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారిపోయి సులభంగా కరగదు, తక్కువ వేడిలో కాలిన నల్లటి లేదా బూడిద రంగు బూడిదే మేలు. ఎకరాకు 8 క్వింటాళ్ల వరకు దుక్కిలో కలపవచ్చు. చల్లే ముందు నీళ్లు చిలకరించి తడపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. సిలికా వేరు గోడల్లో పేరుకుని లోహం పైకి ఎక్కకుండా కొంత ఆపుతుంది. దోస జాతి తీగలు సిలికాను బాగా తీసుకుంటాయి, టమాటా చాలా తక్కువగా తీసుకుంటుంది. కాబట్టి దోస, బీర, సొర తోటల్లో దీని మీద పెట్టే శ్రమకు ఎక్కువ ఫలితం ఆశించవచ్చు.

బాగా మాగిన పశువుల ఎరువును ఎకరాకు 8 నుంచి 10 టన్నులు వేయండి. అది లోహాలను పట్టి ఉంచుతుంది, విషపూరితమైన క్రోమియంను అంత హానికరం కాని రూపానికి మారుస్తుంది. మాగని ఎరువు వద్దు.

ఏడవ పని: పంటను మార్చడం

మీరు వేసే పోషకాల కంటే మీరు ఎంచుకునే పంటే చాలాసార్లు ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఆకుకూరల్లో, అందులోనూ పాలకూరలో, కాడ్మియం ఎక్కువగా చేరుతుంది. దుంపల్లో అంతకంటే తక్కువ. బెండ, టమాటా, బీర వంటి కాయల్లో, చిక్కుడు జాతి గింజల్లో ఇంకా తక్కువగా ఉంటుంది. లోహం పరిమితికి దగ్గరలో ఉన్న మడిలో పాలకూరకు బదులు చిక్కుడు పందిరి వేయడం మంచి నిర్ణయం. సీసం సంగతి వేరు. అది వేరు దాటి పైకి ఎక్కేది తక్కువే, ఆకు మీద కనిపించే సీసంలో ఎక్కువ భాగం దుమ్ముతోనూ, వాన చినుకులకు చిందిన మట్టితోనూ వచ్చి అంటుకున్నదే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగిపోయినా, అంతకుముందు రోడ్ల పక్కన పడిన సీసం ఇంకా మట్టిలోనే ఉంది. కాబట్టి మళ్లలో ఎండుగడ్డి పరిచి మట్టి చిందకుండా చూడండి, రోడ్డు వైపు ఎత్తైన మొక్కలతో దట్టమైన దడి పెంచండి, కోసిన ఆకును కాలువ నీటితో గాక మంచి నీటితో రెండు మూడు సార్లు కడగండి.

పారా గడ్డికి మారితే సమస్య తీరిపోతుందని అనుకోవద్దు, ఆ గడ్డి మేసే గేదెల ద్వారా లోహాలు మళ్లీ మనుషులకే చేరే వీలుంది. తినే పంట పనికిరాని నేలలో బంతి, చామంతి వంటి పూలు వేసుకోవచ్చు.

ఎనిమిదవ పని: ఫలితాన్ని ఆకులో చూసుకోవడం

ఇన్ని పనులు చేసే ముందే పొలంలో ఒక మడిని ఏ కొత్త ఎరువూ వేయకుండా మీ పాత పద్ధతిలోనే వదిలేయండి. పోల్చి చూసుకోవడానికి అది లేకపోతే మార్పు ఎరువుల వల్ల వచ్చిందో, వానల వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కోతకు వచ్చినప్పుడు రెండు మళ్ల నుంచి ఒకే రోజున, ఒకే వయసు ఆకును, ఒక్కొక్కటి కిలో చొప్పున కోసి, అమ్మకానికి ఎలా కడుగుతారో అలాగే కడిగి, కొత్త కాగితపు సంచుల్లో వేసి ప్రయోగశాలకు పంపండి.

నివేదికలోని అంకె పచ్చి ఆకు బరువు మీద ఇచ్చారా, ఎండు బరువు మీద ఇచ్చారా అని తప్పక అడగండి. ఈ ఒక్క తేడా వల్ల పది రెట్ల పొరపాటు జరుగుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం పచ్చి ఆకుకూర కిలోకు కాడ్మియం 0.2, సీసం 0.3 మిల్లీగ్రాములు దాటకూడదు. పాలకూరలో ఎండు పదార్థం సుమారు పదో వంతే కాబట్టి, ఎండు బరువు మీద కాడ్మియం 2 మిల్లీగ్రాములు అని వస్తే పచ్చి ఆకులో అది 0.2 అవుతుంది, అంటే సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు. ఎరువు వేసిన మడిలో అంకె తగ్గి పరిమితికి లోపల ఉంటే అదే పద్ధతిని కొనసాగించండి. తగ్గినా పరిమితికి పైనే ఉంటే ఆ మడిలో ఆకుకూరలు ఆపి కాయ పంటకు మారండి, కాయలను కూడా ఇలాగే పరీక్షకు పంపండి. అసలు తగ్గకపోతే నీటిని, ఉదజని సూచికను, జింక్ అంకెను మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. వేసవిలో నది నీరు చిక్కబడుతుంది, వానాకాలంలో పలచబడుతుంది కాబట్టి ఒక్క కాలపు పరీక్షతో ఆగకుండా ఫిబ్రవరి, మార్చి కోతలో ఒకసారి, వానలు వెలిసిన తరువాత కోతలో మరొకసారి ఆకును పంపి, ఆ రెండు అంకెలనూ, ఆ పంటకు వేసిన ప్రతి ఎరువు పేరునూ బరువునూ తేదీతో సహా ఒకే నోటుపుస్తకంలో రాసి ఉంచుకోండి.